విన్యాసం ఉత్తుత్తిదే కావచ్చు, అందులోని మనుషులు మాత్రం కాదు

పరకాల నుంచి నర్సింగ్ విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "నాలుగైదు దేశాల సైన్యాలు కలిసి ఉగ్రవాద నిరోధక విన్యాసాలు చేశాయని పత్రికల్లో ఫోటోలు వస్తాయి. వాటిలో ఓ మూల రెడ్‌క్రాస్ గుర్తున్న బండి నిలబడి ఉంటుంది. అక్కడ యుద్ధమూ లేదు, శత్రువూ లేడు. మరి ఆ వైద్య బృందానికి పనేమిటి? మనలాంటి వాళ్లకు అందులో చోటు ఉంటుందా?"

అమ్మా, నేను సైనిక వైద్య దళంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. మన దేశంలోనూ బయటా ఇలాంటి విన్యాసాలకు వైద్య బృందంతో వెళ్లినవాణ్ని. విన్యాసాల ప్రణాళికలో బయటికి చెప్పకూడనివి ఉంటాయి కనుక ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అన్న వివరాల జోలికి పోను. వైద్యం సంగతిలో దాచవలసింది ఏమీ లేదు. పైగా అది ఆసుపత్రిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలని నా కోరిక. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను.

గాయపడటానికి శత్రువు అక్కర్లేదు. వీపున బరువు వేసుకుని హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని జారే జవాను చీలమండ మెలికపడుతుంది. చీకట్లో గోడ దూకినవాడి మోకాలు పోతుంది. తలుపు బద్దలుకొట్టడానికి పెట్టిన చిన్న పేలుడు పదార్థం ఇరుకు గదిలో కర్ణభేరిని చించేస్తుంది. గుండు లేని తూటా కూడా మరీ దగ్గర నుంచి పేలితే ముఖం కాలుతుంది, కన్ను పోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఎండ, నీళ్లు, దోమలు, పాములు, నిద్రలేమి మరో ఎత్తు. విన్యాసంలో ఉగ్రవాది వేషం వేసినవాడు కూడా మన జవానే. వాడికి తగిలే దెబ్బ మాత్రం వేషం కాదు.

వైద్య బృందానికి అక్కడ రెండు పనులు ఉంటాయి. ఒకటి ఆటలో భాగం. కొందరికి రంగులతో, మైనంతో గాయాలు దిద్ది పడుకోబెడతారు. వాళ్లను వెతికి, రక్తం ఆపి, మోసుకొచ్చి, వరుసగా పై ఆసుపత్రికి పంపే సాధన చేయాలి. రెండోది నిజంగా దెబ్బ తగిలినవాడిని కాపాడటం. ఈ రెండూ ఒకే మనుషులకు, ఒకే బండికి అప్పగించకూడదు. ఒక విన్యాసంలో వైద్యం ఏర్పాటు సరిగా ఉందా లేదా అని తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. నిజమైన రోగికని కేటాయించిన అంబులెన్సు ఆ పూట ఆటలో తిరుగుతోందా, లేక ఇంజను సిద్ధంగా, డ్రైవరు సీట్లో, ఆక్సిజన్ నిండుగా పక్కన నిలబడి ఉందా? ఆటలో తిరుగుతుంటే అసలు ఏర్పాటే లేదని లెక్క.

మరో చిక్కు ఉంది. వంద మంది ఉత్తుత్తి క్షతగాత్రులు "చచ్చిపోతున్నాను" అని కేకలు పెడుతున్న చోట ఒకడు నిజంగానే కూలిపోతే ఎవరు నమ్ముతారు? అందుకే రేడియోలో చెప్పే ఒక సంకేత మాట ముందే ఖాయం చేసుకుంటారు. బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చిన సైన్యాలు "నో డఫ్" అంటాయి, అమెరికా వాళ్లు "రియల్ వరల్డ్" అంటారు. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, అందరూ ఒక్కటే వాడాలి. ఆ మాట వినపడగానే కాల్పులు ఆగాలి, హెలికాప్టర్ దారి ఖాళీ కావాలి, సేనాపతి అయినా సరే పక్కకు తప్పుకోవాలి. మొదటి రోజు సమావేశంలో జెండాలు, ప్రసంగాలు అయ్యాక ఈ ఒక్క మాటను ప్రతి దేశపు జవాను చేతా పలికించాలి. పలికించని చోట నేను గట్టిగా పట్టుబట్టేవాణ్ని.

దేశాలు కలిసి వైద్యం చేయడం కొత్త సంగతేమీ కాదు. కొరియా యుద్ధానికి మన దేశం 1950లో పంపింది పోరాట దళాన్ని కాదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సును. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ దాని నాయకుడు. 1951 మార్చిలో అమెరికా పారాచూట్ దళం మున్సాన్ దగ్గర దిగినప్పుడు మన వైద్యులూ వాళ్లతో పాటు విమానంలోంచి దూకారు. రంగరాజ్‌కు మహావీర చక్ర ఇచ్చారు. అదే దళం ఇప్పుడు 60వ పారా ఫీల్డ్ హాస్పిటల్. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తరువాత ఇస్కెందెరున్‌లో 30 పడకల ఆసుపత్రి నడిపింది వాళ్లే. పిలుపు వచ్చిన గంటల్లోనే సామాను సర్దుకుని బయల్దేరి, భాష తెలియని చోట దిగగానే పని మొదలుపెట్టగలిగారంటే దాని వెనుక ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. ఇక ఉగ్రవాద నిరోధక విన్యాసాల మాటకొస్తే, 2018 ఆగస్టులో రష్యాలోని చెబార్కుల్‌లో షాంఘై సహకార సంస్థ దేశాలు కలిసి చేసిన దానిలో మన జవాన్లూ పాకిస్తాన్ జవాన్లూ ఒకే మైదానంలో ఉన్నారు. ఆ మరుసటి నెలలోనే పుణె దగ్గర ఔంధ్‌లో బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల బిమ్స్‌టెక్ కూటమి తొలి సైనిక విన్యాసం జరిగింది. ఇలాంటి ప్రతి చోటా ఒక వైద్య ప్రణాళిక ఉంటుంది. అది వార్తల్లోకి రాదు.

ఆ ప్రణాళిక ఎలా తయారవుతుందో మన ప్రాంతాన్నే తీసుకుని చెబుతాను. ఏటూరునాగారం అడవి అంచున, మార్చి చివరలో, నాలుగు దేశాల జవాన్లతో పది రోజుల విన్యాసం పెట్టారనుకుందాం. నిజంగా పెట్టారని కాదు, ఊహ మాత్రమే. వైద్యాధికారీ నేనూ అందరికన్నా నెల ముందే అక్కడ దిగుతాం. మొదటి పని రోడ్డు కొలవడం. వరంగల్ సుమారు 100 కిలోమీటర్లు. మ్యాపులో చూపే సమయాన్ని నమ్మం. అంబులెన్సు వేసుకుని పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లి చూస్తాం. ములుగులో ఏమేం ఉన్నాయి, వరంగల్‌లో ఏ ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేసే డాక్టరు రాత్రి కూడా దొరుకుతాడు, స్కానింగ్ యంత్రం పనిచేస్తోందా, రక్తనిధిలో నెగటివ్ గ్రూపుల పరిస్థితి ఏమిటి, ఇవన్నీ స్వయంగా వెళ్లి, అక్కడి సిబ్బందితో కూర్చుని మాట్లాడి రాసుకుంటాం. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రికి హెలికాప్టర్‌లో గంటకు పైగా పడుతుంది. రాత్రిపూట, వానలో హెలికాప్టర్ రాకపోవచ్చు. అప్పుడు రోడ్డే దిక్కు. కనుక కడుపులో రక్తస్రావమయ్యే రోగిని అడవిలోనే కొన్ని గంటలు నిలబెట్టగల సత్తా గుడారంలో ఉండాలి. సర్జను, మత్తు డాక్టరు అక్కడికే రావాలా వద్దా అన్నది ఈ ఒక్క లెక్క మీదే తేలుతుంది.

ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో చూసుకుంటాం. హెలికాప్టర్ దిగే చదునును ఎంచుకుని, ఎండుటాకులు, వదులు మట్టి, విద్యుత్ తీగలు లేకుండా చూస్తాం. తోక వైపు నుంచి ఎవరూ దగ్గరికి పోకూడదని, పైలట్ కంటికి కనిపించేలా ముందు వైపు నుంచే స్ట్రెచర్ తేవాలని జవాన్లతో సాధన చేయిస్తాం.

ఆ తరువాత నీళ్లు. మీరు నవ్వకండి, అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పోతుంది. మొదటి వారంలో జవాన్లను మైదానం నుంచి తప్పించేది గాయాలు కావు, విరేచనాలే. కొత్త ఊరి నీళ్లు, కొత్త తిండి, చేతులు సరిగా కడగని వంటవాడు, ఇవి చాలు సగం ప్లటూను పడకెక్కడానికి. ట్యాంకరులో క్లోరిన్ కలిపాక కనీసం అరగంట ఆగి, తాగే చోట కొళాయి దగ్గర పరీక్ష చేసి, లీటరుకు 0.5 మిల్లీగ్రాము మిగిలిందో లేదో చూడాలి. ట్యాంకరు దగ్గర చూసి సంతృప్తి పడితే లాభం లేదు, గొట్టం మురికిగా ఉంటే కొళాయి చేరేసరికి ఏమీ మిగలదు. లంగరులో, అంటే సైన్యం వంటశాలలో, వంట చేసే ప్రతి మనిషికీ ఆరోగ్య పరీక్ష. హలాల్ తినేవాళ్లకు, శాకాహారులకు, పాలు పడనివాళ్లకు వేరు ఏర్పాటు. మన కారం అలవాటు లేనివాళ్లకు చప్పటి కూర. మరుగుదొడ్లు వంటశాలకు, నీటి వనరుకు ఎంత దూరంలో ఉండాలో కొలిచి తవ్వించడం.

దోమల సంగతి మన ఏజెన్సీ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. మలేరియాకూ దోమకూ ఉన్న లంకె బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ కూడా సైన్యంలో పనిచేసిన వైద్యుడే. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం ఇప్పటికీ ఉంది. సైనిక వైద్యం అంటే కత్తి పట్టి తూటా తీయడమేనని అనుకునేవాళ్లకు నేను ఆ భవనం చూసి రమ్మని చెబుతాను.

ఇక ఎండ. నా మనసుకు అన్నిటికన్నా దగ్గరి విషయం ఇదే, ఎందుకంటే ఇందులో పోయే ప్రతి ప్రాణం ఆపగలిగినదే. రామగుండం, భూపాలపల్లి ఎండ మనకు తెలుసు. చలి దేశం నుంచి వచ్చిన ఆరడుగుల జవానుకు తెలియదు. వాడి ఒళ్లు మన వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. విన్యాసం మొత్తమే పది రోజులైతే ఇక అలవాటు ఎప్పుడు? అందుకే మొదటి రోజుల్లో తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే బరువు పని పెట్టమని వైద్యాధికారి రాసి ఇస్తారు. నీడలో పెట్టిన మామూలు ఉష్ణమాపకం చాలదు. గాలిలో తేమను, నేరుగా పడే ఎండ వేడిని కూడా కలిపి కొలిచే పరికరం ఉంటుంది. దాని లెక్క ప్రకారం మైదానంలో రంగు జెండా ఎగరేస్తారు. నల్ల జెండా ఎగిరితే పరుగులు, బరువు మోతలు బంద్. విదేశీ అతిథులు వేదిక మీద కూర్చుని చూస్తున్న రోజున జెండా మార్చడానికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఉన్న వైద్యాధికారుల కింద పనిచేయడం నా అదృష్టం.

ఒక సంఘటన చెబుతాను. ఇళ్ల మధ్య సోదా సాధన అయిపోయి, జవాన్లు వరుసలో తిరిగి వస్తున్నారు. ఒక విదేశీ జవాను హెల్మెట్ పట్టీ బకిలు తీయబోయి తీయలేకపోతున్నాడు. వేళ్లు బకిలు చుట్టూ తిరుగుతున్నాయి తప్ప దాన్ని పట్టుకోవడం లేదు. దుబాసీ ఏదో అడిగితే విసుక్కున్నాడు. ఒంటి నిండా చెమట. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని చాలామంది అనుకుంటారు. చెమట పట్టకపోవడం ముసలివాళ్లకు ఇంట్లో కూర్చుని వచ్చే వడదెబ్బ లక్షణం. కష్టపడి పనిచేసేటప్పుడు వచ్చే దానిలో చొక్కా తడిసి ముద్దవుతుంది. తేడా తెలిసేది ప్రవర్తనలోనే: చిరాకు, తప్పు జవాబు, తూలుతున్న నడక. వాణ్ని అక్కడే పడుకోబెట్టి, బట్టలు తొలగించి, మలద్వారం దగ్గర ఉష్ణోగ్రత చూస్తే 41 డిగ్రీలు దాటింది. చంకలో పెట్టి ఉంటే మామూలు జ్వరంలా చూపించేది. మీరు ఇది గుర్తుపెట్టుకోవాలి: శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చంక, నుదురు, చెవి కొలతలు నమ్మదగ్గవి కావు.

దగ్గర్లో తొట్టి లేదు. బండి మీది టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా నలుగురు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో జవాను, పైనుంచి నీళ్లు, లంగరు నుంచి తెచ్చిన మంచు గడ్డలు. తల నీళ్లలో మునగకుండా ఒకరు పట్టుకోవాలి, మిగతావాళ్లు టార్పాలిన్‌ను అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. నీళ్లు కదలకపోతే ఒంటిని అంటుకున్న పొర వేడెక్కి చల్లదనం లోపలికి పోదు. ఇలా చేస్తే ఐదారు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. 39 దగ్గరికి రాగానే ఆపేశాం, లేకపోతే మరీ చల్లబడిపోతారు. ఆ తరువాతే అంబులెన్సు. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం, ఈ వరుస మారకూడదు. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబడితే దాదాపు అందరూ బతుకుతారు. ఆ అరగంట రోడ్డు మీద గడిచిపోతే మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ ఇందులో పనిచేయదు, ఇది జ్వరం కాదు కనుక.

అక్కడ మరో దేశపు జవానుకు మేము చేతులు వేస్తుంటే వాళ్ల వైద్యాధికారి పక్కనే నిలబడి ఒక్క మాట అడ్డం చెప్పలేదు, తానే మంచు అందించాడు. ఎందుకంటే ఎవరి జవాను పడిపోయినా దగ్గరున్న బృందమే మొదలుపెట్టాలని, వడదెబ్బకు ముందు చల్లబరచాలని మొదటి రోజే అన్ని దేశాల వైద్యులూ బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం లేకపోయి ఉంటే ఆ అరగంట ఎవరు చేయాలన్న వాదనలోనే పోయేది. ఆ జవానుకు తరువాత కొన్ని రోజులు రక్త పరీక్షలు చేస్తూనే ఉన్నారు, మళ్లీ మైదానంలోకి పంపలేదు. విన్యాసం ముగిశాక తన దేశానికి నడిచి వెళ్లాడు.

నీళ్లు ఎక్కువ తాగితే మంచిదే కదా అని ఒత్తిడి చేయడం కూడా ప్రమాదమే. ఉప్పు లేకుండా లీటర్ల కొద్దీ నీళ్లు తాగినవాడికి రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ వస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర ఉంచడం అందుకే.

బల్ల చుట్టూ కూర్చోవడం అన్నాను కదా, అక్కడ ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ప్రతి దేశపు బృందం తన సంచీ విప్పి బల్ల మీద పరుస్తుంది. అప్పుడు తెలుస్తాయి అసలు తేడాలు. మన చక్కెర యంత్రం మిల్లీగ్రాముల్లో చూపుతుంది, చాలా దేశాల యంత్రాలు మిల్లీమోళ్లలో చూపుతాయి. వాళ్ల 1 అంటే మన 18. ఒక విదేశీ నర్సు రేడియోలో "చక్కెర 6" అంటే అది మన లెక్కలో 108, పూర్తిగా మామూలు. అది తెలియని మనవాడు 6 మిల్లీగ్రాములనుకుంటే ప్రాణం పోతోందని గ్లూకోజు సూది ఎత్తుతాడు. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. మన పారాసిటమాల్‌ను అమెరికా వాళ్లు అసిటమినోఫెన్ అంటారు, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటారు, సాల్బుటమాల్‌ను ఆల్బుటెరాల్ అంటారు. రెండు పేర్లూ తెలియనివాడు ఒకే మందును రెండుసార్లు ఇచ్చేస్తాడు. మన ఆక్సిజన్ సిలిండరు నల్ల ఒళ్లు, తెల్ల భుజం. అమెరికా వాళ్లది ఆకుపచ్చ. రంగు చూసి చేయి చాపితే వేరే వాయువు చేతికి రావచ్చు. వాళ్ల గొట్టం మన సిలిండరుకు అతకకపోవచ్చు. ఇవన్నీ ఒక పెద్ద అట్ట మీద రాసి ప్రతి గుడారంలో, ప్రతి అంబులెన్సులో అంటిస్తాం. మాట రాని చోటికి బొమ్మల కార్డులు: మనిషి ఆకారం మీద నొప్పి ఎక్కడో వేలుతో చూపించమనడం, సున్నా నుంచి పది వరకు ముఖాల బొమ్మలతో నొప్పి ఎంతో అడగడం. ఎవరికి ఏ మందు పడదు, ఎవరిది ఏ రక్తం గ్రూపు అన్న పట్టిక విన్యాసానికి ముందే చేతికి రావాలి. మెడలో బిళ్ల మీద గ్రూపు రాసి ఉన్నా, రక్తం ఎక్కించే ముందు మళ్లీ పరీక్ష చేయకుండా ఎక్కించరు.

ఆటలో భాగమైన సాధనలో మీకు నేరుగా పనికొచ్చేవి రెండు ఉన్నాయి. మొదటిది రక్తం ఆపడం. పేలుడులో, కాల్పుల్లో కాలో చేయో తెగినవాడు ఊపిరి ఆగక ముందే రక్తం కారి చనిపోతాడు. అందుకే సైనిక వైద్యంలో ఇప్పుడు మొదటి చూపు రక్తస్రావం మీదే పడుతుంది, శ్వాసనాళం ఆ తరువాత. కడ్డీ తిప్పి బిగించే టోర్నికే పట్టీని గాయానికి ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా వేయాలి. జేబులో తాళాలో ఫోనో ఉంటే తీసేయాలి. కడ్డీని తిప్పుతూ పోతే రోగి నొప్పితో తిడతాడు, ఆపమంటాడు. రక్తం ఆగి, కింద నాడి అందకుండా పోయేదాకా తిప్పవలసిందే. సగం బిగించిన పట్టీ ఏమీ కట్టనిదానికన్నా చెడ్డది: సిర మూసుకుంటుంది, ధమని మూసుకోదు, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. కట్టిన సమయాన్ని కనబడే చోట పెన్నుతో రాయాలి. జవాన్లతో దీన్ని చీకట్లో, ఒంటి చేత్తో, తమ కాలికి తామే వేసుకునేలా సాధన చేయిస్తాం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందును గాయమైన మూడు గంటల్లోపే ఇవ్వాలని, 2010లో వెలువడిన పెద్ద అధ్యయనాన్ని మరుసటి ఏడాది విశ్లేషించినప్పుడు తేలింది. ఇప్పుడు అది మామూలు ఆసుపత్రుల్లోనూ ఉంది. లారీ ప్రమాదంలో తొడ నలిగిన మనిషికి కూడా ఇదే వైద్యం.

కానీ ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు గట్టిగా చెప్పవలసింది ఒకటి ఉంది. టోర్నికే నేర్చుకున్న ఉత్సాహంలో పాము కాటుకు అది కట్టకండి. పత్తి చేలో, వరి మడిలో పాము కరిస్తే తాడు బిగించి కట్టడం మన పల్లెల్లో ఇంకా పోలేదు. దానివల్ల విషం ఆగదు, చేయి కుళ్లుతుంది. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ చేయికి చెక్క బద్దలు కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తేవాలి. ఎవరైనా అప్పటికే కట్టి తెస్తే, విరుగుడు మందు, డాక్టరు సిద్ధంగా ఉన్నప్పుడే విప్పాలి. అడవిలో విన్యాసం జరిగితే మా గుడారంలో శుభ్రమైన, పొడి గాజు గొట్టాలు తప్పకుండా ఉంటాయి. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. ఇంకా నీళ్లలా జారితే రక్తం గడ్డకట్టడం లేదు, కరిచింది పింజర జాతి. కట్లపాము, నాగుపాము కాటులో ఈ పరీక్ష మామూలుగానే ఉంటుంది. అక్కడ కనురెప్పలు వాలిపోవడం చూడాలి. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే ఫలితం తప్పు వస్తుంది.

రెండోది, ఎక్కువ మంది ఒకేసారి గాయపడినప్పుడు ఎవరిని ముందు చూడాలన్నది. దీనికి గాయం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు కార్డులు కడతారు. కొన్ని దేశాలు రంగుల బదులు అంకెలు వాడతాయి, అదీ ముందే సరిచూసుకోవాలి. కొత్తవాళ్లందరూ అరిచేవాడి దగ్గరికే పరిగెడతారు. అరవగలిగినవాడికి ఊపిరి ఆడుతోంది. మాట లేకుండా గోడకు ఆనుకుని కూర్చున్నవాడే ముందు చూడవలసినవాడు. సాధనలో మేము కావాలనే ఒకరిని నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, చొక్కా కింద గాయం పెడతాం. నర్సింగ్ అసిస్టెంటు చేయి చొక్కా లోపలికి, వీపు కిందికి పోతుందా లేదా అని చూస్తాం.

పేలుడు జరిగిన చోటికి వైద్య బృందం వెంటనే దూసుకుపోకూడదన్నది మరో పాఠం. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు దగ్గర దగ్గరలో, నిమిషాల తేడాతో పేలాయి. మొదటి పేలుడుకు జనం గుమిగూడతారని, సహాయానికి వస్తారని తెలిసే రెండోది పెడతారు. అందుకే బాంబు నిపుణులు తనిఖీ చేసి దారి ఇచ్చేదాకా వైద్యులు హద్దు అవతలే ఉంటారు. లోపలున్న జవాన్లే రక్తం ఆపి బయటికి లాక్కొస్తారు. మనసు ఒప్పుకోదు కానీ వైద్యుడు పోతే వెనకున్న వాళ్లందరికీ దిక్కు లేకుండా పోతుంది.

ఇలాంటి రోజున నగరంలోని ఆసుపత్రికి ముందు వచ్చేది చిన్న దెబ్బలవాళ్లే, ఆటోల్లో, బైకుల మీద. తీవ్రంగా గాయపడినవాళ్లు తరువాత అంబులెన్సుల్లో వస్తారు. అప్పటికే పడకలు నిండిపోయి ఉంటాయి. కనుక గేటు దగ్గరే ఒక అనుభవజ్ఞుడు నిలబడి వేరు చేయాలి. బయటికి ఒక్క గీత కూడా కనబడనివాడికి ఊపిరితిత్తులు పేలుడు ఒత్తిడికి నలిగి ఉండవచ్చు, ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలవుతుంది. ఇంటికి పంపే ముందు కాసేపు ఉంచి చూడాలి. మేడారం జాతరలో పనిచేసిన మన ఆరోగ్య సిబ్బందికి గుంపుల మధ్య తాత్కాలిక ఆసుపత్రి నడపడం, తాగునీటికి క్లోరిన్ చూడటం, ఇరుకు దారిలో అంబులెన్సు నడపడం బాగా తెలుసు. వాళ్లలో చాలామంది ఏ దేశపు సైనిక వైద్య బృందంలోనైనా తొలి రోజు నుంచే పనికొస్తారని నా నమ్మకం.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. మహిళలకు మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఉంది. 1888లో బ్రిటిష్ సైన్యం కోసం వచ్చిన కొద్దిమంది నర్సులతో మొదలైన సర్వీసు అది. ఇంటర్మీడియెట్ తరువాత నీట్ ద్వారా సైనిక నర్సింగ్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ చేయవచ్చు. పూర్తయ్యాక లెఫ్టినెంట్ హోదాలో చేరతారు. మీరు ఇప్పటికే బయట బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నారు కనుక మీకు రెండో దారి: పట్టా, రాష్ట్ర నర్సింగ్ మండలి నమోదు చేతికి వచ్చాక, షార్ట్ సర్వీస్ ఎంపిక ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేయడం. వయసు, ఇతర నిబంధనలు ఆ ప్రకటనలోనే చూసుకోండి, మధ్యవర్తులకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మీ తమ్ముళ్లెవరైనా ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉంటే నర్సింగ్ అసిస్టెంటుగా చేరవచ్చు. తెలంగాణ జిల్లాలకు సికింద్రాబాద్‌లో నియామక కార్యాలయం ఉంది. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు సైనిక వైద్య దళంలో షార్ట్ సర్వీస్ కమిషన్ ఉంది.

చేరినవెంటనే విదేశీ విన్యాసానికి పంపరు. ముందు కొన్నేళ్లు ఆసుపత్రి వార్డుల్లో, తరువాత యూనిట్లతో గడపాలి. ఈలోగా మీ శిక్షణలో అత్యవసర విభాగం వంతు వచ్చినప్పుడు ఎండాకాలం నెలలు అడిగి తీసుకోండి. వడదెబ్బ అని తెచ్చిన ప్రతి రోగికీ ఉష్ణోగ్రత ఎక్కడ చూశారు, ఎంత ఉంది, చల్లబరచడం ఎన్ని నిమిషాలకు మొదలైంది అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. టోర్నికే పట్టీ ఒకటి సంపాదించి, కళ్లు మూసుకుని మీ కాలికి మీరే బిగించుకోవడం అలవాటు చేసుకోండి. నాడి ఆగేదాకా బిగించి చూసి వెంటనే విప్పేయాలి, ఊరికే అలా ఉంచకండి. నొప్పి ఎంత ఉంటుందో తెలిస్తే రేపు రోగి ఆపమని తిట్టినప్పుడు మీ చేయి వెనక్కి తగ్గదు. దరఖాస్తు దశకు వచ్చాక ఏ అనుమానం ఉన్నా ఇక్కడే అడగండి, చెబుతాను.